లసుంబాయి చేసిన బండి

నీలం నగర్‌ల లసుంబాయి చెయ్యి లేవని దినం లేదు. బీడీలు చుట్టుకుంటనే పిల్లల వీపుల మీద గుద్దుతది, నల్లా కాడ బిందెతోటి కొట్లాడ్తది, రెండు కాళ్లు పడిపోయిన మొగణ్ని సుత కొడ్తది. ఎందుకే అని అడిగితే, “చెయ్యి ఊకుండదక్కా” అంటది. మళ్ల ఆ మొగణ్నే రోజూ వీపు మీద ఎక్కించుకొని దాజీ పేట్ దాకా మోస్తది. అక్కడ ఆ మొగడు గంగారాం, బట్ట నేసే సాంచాలకు నూలు కండెలు చుడ్తడు. ఆయనకు దెబ్బల కన్న ఆ మోతకే ఎక్కువ సిగ్గు.

అది తెలిసే ఆమె బండి చెయ్యబట్టింది. ఆయన కూసునేటంత చెక్కను జానతోటి కొలిచి కోసింది. చక్రాలకు పాత ఇనుమమ్మే భంగార్ దుకాణంల బేరింగులను ఒక్కొక్కటి చెవి కాడ తిప్పి విన్నది, గరగరమన్నదల్ల పారేసింది. మూడు ఒక్కతీరు దొరికినయి, నాలుగోది రవ్వంత చిన్నది.

“గింత ఫరకుకు ఏమైతది మావ్‌శీ?” అన్నడు దుకాణపాయన.

“బండి పక్కకు గుంజి, నా మొగడు లారీ కింద పడ్తడురా!” అని ఆ బేరింగే విసిరింది. వాని నుదురు పగిలి రక్తం కారింది. వాడు ఇనుప సలాక ఎత్తిండు, ఆమె బీడీ కత్తెర తీసింది. నలుగురు అడ్డం పడ్డంక వాడు నుదురు అదుముకుంటనే సరిపోయే బేరింగు వెతికిచ్చిండు.

సాయంత్రం గంగారాం బండెక్కి రెండు చేతులతోటి నేలను నూకిండు. బండి సీదాగ గల్లీ చివర దాకా పోయింది. అక్కడ తిరిగి గట్టిగ ఒర్లిండు: “ఓ లసూ, ఇగ నన్ను కొట్టాలంటే ఉరకాలె!”

ఆమె చెప్పు పట్టుకొని నిజంగనే ఉరికింది. ఆయన అందలేదు.