బాబాయి నీడకి కూర్చున్న శనివారం

అమెరికాకి చదువుకోవడానికి వచ్చిన ఆ తొలి రోజుల్లో మా అందరికీ ఒకే దారి ఉండేది. మాస్టర్స్ పూర్తి చేయాలి, చదువయ్యాక కొన్నాళ్లు పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కోవాలి, హెచ్‌వన్ వీసా లాటరీలో పేరు రావాలని మొక్కుకోవాలి, ఆ తర్వాత ఒక కారు కొని, దానికి ఆనుకుని ఫొటో దిగి ఇంటికి పంపాలి. ఈ దారి ఎవరు వేశారో తెలియదు గానీ, దాని మీంచి ఒక్క అడుగు పక్కకి వేస్తే మాత్రం సాయంత్రానికల్లా న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లందరికీ తెలిసిపోయేది. నేను వేశాను. అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. ఈ రోజు నేను ఒక ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అసిస్టెంట్ కోచ్‌ని. (కోచింగ్ అనగానే "ఫిజిక్సా అమ్మా, మ్యాథ్సా?" అని అడిగే అత్తయ్యలకి జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.) చేతుల్లో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారని కూడా నన్నడగొద్దు, అది నేను పుట్టకముందే జరిగిపోయిన పొరపాటు.

దీనికంతటికీ మొదలు ఒక కెమెరా. మాది న్యూజెర్సీలో ఒక చిన్న కాలేజీ. లైబ్రరీలో ఉద్యోగాలన్నీ నా సీనియర్లు పట్టేసుకున్నారు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని కూడా ఖాళీ లేదు. మిగిలిందల్లా ఫుట్‌బాల్ ప్రాక్టీసుని వీడియో తీసే పని. మైదానం పక్కన ఒక ఇనప టవర్ ఉంటుంది, దాని మీదకెక్కి నిలబడి తీయాలి. "ఎత్తంటే భయమేమీ లేదు కదా?" అని అడిగాడు హెడ్ కోచ్. పై పెదవి కనిపించనంత మీసం ఆయనకి, అందుకే నా లెక్కలో ఆయన మీసాల కోచ్. లేదని ధైర్యంగా అబద్ధం చెప్పాను. మా పిన్ని ఇచ్చిన కోటు నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేంత ఉండేది. అది వేసుకుని పైకెక్కితే గాలికి నేను ముందు ఊగేదాన్నో, టవర్ ముందు ఊగేదో తెలిసేది కాదు. మొదట్లో నాకు కనిపించిందల్లా బలమైన కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడడం, లేవడం, మళ్లీ పడడం. కానీ తీసిన వీడియోని ముక్కలు ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏం జరిగిందో రాసిపెట్టాల్సింది కూడా నేనే. అలా చూసినదే మళ్లీ మళ్లీ చూడగా చూడగా, ఒక రోజు నాకు ఆ గుంపులో మనుషులు విడివిడిగా కనిపించసాగారు. "వచ్చే వారం మనతో ఆడేవాళ్లలో చివర నిలబడేవాడున్నాడే, వాడు మీదకి దూకేముందు కుడికాలు వెనక్కి పెడతాడు. దూకనప్పుడు రెండు కాళ్లూ సమానం" అన్నాను మీసాల కోచ్‌తో. ఆయన తాగుతున్న కాఫీ పక్కన పెట్టి, "నీకెవరు చెప్పారు?" అన్నాడు. "వాడి కాలే చెప్పింది" అన్నాను.

అప్పటినుంచి నాకు పిచ్చి పట్టింది. ఈ కోచింగ్ అనే ఉద్యోగానికి ఒక నిచ్చెన ఉందని, దాని మొదటి మెట్టు పేరు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అని, ఆ మెట్టు మీద నిలబడితే కాలేజీయే ఫీజు కడుతుందని, బదులుగా వీడియోలు కోయడం నుంచి పెద్దవాళ్లకి కాఫీ తేవడం దాకా అన్నీ చేయించుకుంటుందని తెలిసింది. ఆ పైన ఒక్కో మెట్టుకి ఒక్కో ఊరు మారుతూ, అదృష్టం బాగుంటే ప్రొఫెషనల్ జట్టుదాకా వెళ్లొచ్చు. ఆ ఏడాది మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క పోస్టు. దానికి నాతో పోటీ, అంతకుముందు ఏడాదిదాకా అదే జట్టులో ఆడినవాడు. తలకీ భుజాలకీ మధ్య మెడ అనేది లేని మనిషి కాబట్టి వాడికి బండరాయి అని పేరు పెట్టుకున్నాను. "శనివారం మ్యాచ్ అయ్యాక చెప్తాను, మీ ఇద్దరిలో ఎవరో" అన్నాడు మీసాల కోచ్.

ఈ సంగతి న్యూజెర్సీలోనే పిస్కాటవే అనే ఊళ్లో ఉండే మా బాబాయికి తెలిసింది. (ఎలా తెలిసిందో ముందే చెప్పాను కదా.) ఆదివారం భోజనానికి పిలిచి, కంచం ముందు కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"ఏమ్మా, చదువుకోడానికొచ్చావా, బంతాట చూడ్డానికొచ్చావా?"

"చూడ్డానికి కాదు బాబాయ్, నేర్పడానికి."

"నువ్వా! వాళ్లకా! ఒక్కడు మీద పడితే నిన్ను స్ట్రెచర్ మీద తీస్కెళ్లాలి! చూడూ, మా ఫ్రెండ్‌కి సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ ఉంది. టెస్టింగ్‌లో ట్రైనింగ్ ఇస్తాడు, వీసా సంగతంతా వాడే చూస్కుంటాడు. ఫోన్ చేసి జాయిన్ చేయిస్తా."

"నాకొద్దు."

"ఏంటి వద్దు? మీ నాన్నకేం చెప్పమంటావు? మీ అమ్మాయి విజిల్ మెళ్లో వేస్కుని తిరుగుతోందనా?"

"అవును, అలాగే చెప్పు" అన్నాను. పిన్ని నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. "శనివారం మ్యాచ్‌కి నువ్వే వచ్చి చూడు బాబాయ్. ఆ పోస్టు నాకు రాకపోతే ఆదివారం పొద్దున్నే మీ ఫ్రెండ్ దగ్గర జాయినవుతా. వస్తే మాత్రం ఈ మాట మళ్లీ ఎత్తకూడదు." ఆయన చారు కలుపుకుంటూ సరే అన్నాడు. ఆయన గెలిచినట్టే మొహం పెట్టాడు, నేను కూడా.

ఆ వారమే మా జట్టుకి పెద్ద చిక్కొచ్చింది. మా కోచ్‌లలో ఒకాయన ఉన్నట్టుండి మానేసి, శనివారం మాతో ఆడబోయే కాలేజీలోనే చేరిపోయాడు. (ఈ వృత్తిలో ఇది తప్పు కాదు, పై మెట్టు ఎక్కడుంటే అక్కడికి పోవడమే.) పోతూ పోతూ మా గుర్తుమాటలన్నీ బుర్రలో పెట్టుకుపోయాడు. ఆటగాళ్లంతా వరసగా వంగి నిలబడ్డాక, బంతి కదలబోయే ముందు, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఒక మాట అరుస్తాడు. ఎటు వెళ్లాలో, పరిగెత్తాలో విసరాలో ఆ మాటే తనవాళ్లకి చెప్తుంది. అవతలివాళ్లకి అది అర్థం కాకూడదు. ఇప్పుడు మా మాటలన్నీ వాళ్లకి తెలుసు. కొత్తవి కావాలి, అదీ ఒక్క వారంలో. గదిలో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, వెనకనుంచి నేను లేచి, "తెలుగులో పెడదాం" అన్నాను. ఎడమ, కుడి, పరుగు, విసురు. నాలుగే మాటలు. "ఎవరికీ అర్థం కాదా?" అని అడిగాడు మీసాల కోచ్. "ఈ మైదానం మొత్తమ్మీద తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే" అన్నాను గుండె మీద చెయ్యేసుకుని. న్యూజెర్సీలో నిలబడి అన్న మాట ఇది! ఆ వారమంతా పెద్ద పెద్ద కుర్రాళ్లు "ఎడామా! కూడీ! విస్రూ!" అంటూ మైదానమంతా హోరెత్తించారు. టవర్ మీద నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చలిగాలికి అనుకున్నారు కిందవాళ్లు.

శనివారం వచ్చింది. మ్యాచ్ మొదలైంది. మొదటిసారి మా క్వార్టర్‌బ్యాక్ "ఎడామా" అని అరిచాడు, అవతలివాళ్లంతా కట్టగట్టుకుని ఎడమవైపే దూకారు. సరే, కాకతాళీయం అనుకున్నాం. "కూడీ" అన్నాడు, వాళ్లు కుడివైపు గోడ కట్టేశారు. "విస్రూ" అనగానే బంతి పట్టుకోవాల్సినవాడి చుట్టూ ముగ్గురు. సగం ఆటయ్యేసరికి మేం చిత్తుగా వెనకబడి ఉన్నాం. బండరాయి కిందనుంచి నా టవర్ వైపు చూసి చేతులు చాచి భుజాలెగరేశాడు. ఆ భుజాలకి ఆ పని ఎంత కష్టమో తెలిసినా, నా కోసం ఎగరేశాడు. నాకు ఆదివారం పొద్దున, ఒక బేస్‌మెంట్ గది, టెస్టింగ్ పాఠాలు కళ్లముందు కనిపించాయి. కెమెరాలో అప్పటిదాకా తీసిన వీడియోని వెనక్కి తిప్పి చూశాను. మా ఆటగాళ్లు కాదు, అవతలివాళ్లు ఎటు చూస్తున్నారా అని. వాళ్లలో సగంమంది మా క్వార్టర్‌బ్యాక్‌ని చూడడం లేదు. వెనక్కి తిరిగి వాళ్ల కోచ్‌ని చూస్తున్నారు. వాళ్ల కోచ్ ఇంకా వెనక్కి తిరిగి మెట్ల మీద ప్రేక్షకుల్ని చూస్తున్నాడు. అక్కడ, సరిగ్గా ఆయన వెనక వరసలో, మంకీ క్యాప్ పెట్టుకుని, ఒక చేతిలో పాప్‌కార్న్ పట్టుకుని, రెండో చేత్తో ఎడమవైపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు మా బాబాయి.

తర్వాత పిన్ని చెప్పింది అసలు సంగతి. మావైపు మెట్ల మీద ఎండ మొహానికి కొడుతోందని, నీడగా ఉందని అవతలివైపు వెళ్లి కూర్చున్నాడట. అది అవతలి జట్టువాళ్లు కూర్చునే వైపని ఆయనకెవరు చెప్తారు? మొదటి "ఎడామా" వినబడగానే కూర్చున్నచోటే ఎగిరి లేచాడట. "దటీజ్ తెలుగు! అవర్ లాంగ్వేజ్! మై బ్రదర్స్ డాటర్ టాట్ దెమ్! దే ఆర్ గోయింగ్ లెఫ్ట్!" అని చుట్టూ ఉన్నవాళ్లందరికీ చెప్పాడట. వాళ్లు ఆటగాళ్ల అమ్మానాన్నలు, ఆయనకి పాప్‌కార్న్ కొనిపెట్టారు, వెన్ను తట్టారు, ముందు వరసలోకి పిలిచి కూర్చోబెట్టారు. నేను బంతాట నేర్పడాన్ని వద్దన్న మనిషి, నేను నేర్పిన నాలుగు మాటలు వినగానే పొంగిపోయాడు. ఆ పొంగడంలోనే నా ఉద్యోగం పోబోతోంది.

టవర్ దిగి, విరామంలో మావాళ్లు కూర్చున్న గదిలోకి పరుగున వెళ్లి విషయం చెప్పాను. గదిలో ఒక్కసారిగా గోల. "నీ ఒక్కదానికే వచ్చన్నావు!" అన్నాడు బండరాయి. "ఎవరైనా వెళ్లి ఆయన్ని ఇవతలికి తీసుకురండి" అన్నాడు మీసాల కోచ్. "వద్దు! ఆయన్ని కదపొద్దు!" అని అరిచాను. అంత పెద్దగా అరవగలనని నాకే తెలియదు. "ఇప్పటినుంచి ఎడమంటే కుడి. కుడంటే ఎడమ. పరుగంటే విసరాలి, విసురంటే పరిగెత్తాలి." కుర్రాళ్లు తికమకపడతారని బండరాయి అన్నాడు. క్వార్టర్‌బ్యాక్ నీళ్లు తాగుతూ, "మాకు ఆ మాటలు ఎటైనా ఒకటే, మాకేమన్నా ఆ భాష వచ్చా?" అన్నాడు. అవతలివైపు ఆ భాష వచ్చిన మనిషి ఒక్కడే. ఆయన మార్చుకోలేడు. మీసాల కోచ్ మీసం కింద ఏదో కదిలింది, నవ్వేమో.

రెండో సగంలో "ఎడామా" అని కేక వినగానే బాబాయి ఎడమ చూపించాడు, అవతలివాళ్లు ఎడమకి దూకారు, మావాడు ఖాళీగా ఉన్న కుడివైపు నడుచుకుంటూ వెళ్లినంత హాయిగా వెళ్లాడు. తర్వాత మళ్లీ అంతే. మూడోసారికి బాబాయి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని మా కుర్రాళ్లకే చెప్పడం మొదలుపెట్టాడు: "రేయ్, ఎడమంటే అటు కాదురా! ఇటూ!" కాసేపటికి ఆయన చుట్టూ ఉన్నవాళ్లు దూరంగా జరిగి జరిగి కూర్చున్నారు. వాళ్ల కోచ్ వెనక్కి తిరగడం మానేసేసరికి ఆట మా చేతికొచ్చేసింది.

మ్యాచ్ అయ్యాక బాబాయి మైదానంలోకే వచ్చేశాడు. "ఫస్ట్ హాఫ్ ఎంత చక్కగా నేర్పావే! సెకండ్ హాఫ్‌లో ఏమైంది వీళ్లకి?" అని నన్నడిగి, నేను నోరు తెరిచేలోపు మీసాల కోచ్ వైపు తిరిగి, "సర్, యువర్ బాయ్స్ డోంట్ నో లెఫ్ట్ అండ్ రైట్" అన్నాడు చాలా సీరియస్‌గా. మీసాల కోచ్ అంతే సీరియస్‌గా ఆయనకి చెయ్యిచ్చి, "అందుకే మీ అమ్మాయిని పెట్టుకుంటున్నాను" అన్నాడు. తర్వాత నాతో అన్నాడు: "ప్లాన్ ఎవరైనా వేస్తారు. అది తగలబడుతుంటే అందులోంచి ఇంకో ప్లాన్ తీసేవాళ్లే కోచ్‌లు." బాబాయి కారు దగ్గరికి వెళ్లాక, "సరేలే, మా ఫ్రెండ్‌కి ఫోన్ చేసి నువ్వు రావట్లేదని చెప్తా" అన్నాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారానో, ఎన్నిసార్లు పెద్ద కోచ్ ఉద్యోగం ఊడి ఆయనతోపాటు మేమంతా పెట్టెలు సర్దుకున్నామో చెప్పాలంటే తెల్లారిపోతుంది. ఆడపిల్లవి, అందులోనూ మన పిల్లవి, ఎందుకీ తలనొప్పి అని అన్నవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాను: నా తల, నా నొప్పి. ఒక్కోసారి మైదానం పక్కన నిలబడ్డప్పుడు పైన ఉన్న కెమెరాల వైపు చూస్తాను. పిన్ని కోటులో వణుకుతూ, భయం లేదని అబద్ధం చెప్పి, దిగమన్నా దిగని ఆ మొండిపిల్ల ఇంకా అక్కడే ఉన్నట్టనిపిస్తుంది. నవ్వొస్తుంది, కాస్త బెంగగా కూడా ఉంటుంది. అంత మొండితనం ఇప్పుడు నాకుందా అని.

ఇప్పుడు మా ప్రొఫెషనల్ జట్టు గుర్తుమాటల్లో ఒక తెలుగు మాట ఉంది. టీవీలో అది వినబడిన ప్రతిసారీ పిస్కాటవేలో మా బాబాయి సోఫాలోంచి లేచి ఎడమవైపు చూపిస్తాడట, మావాళ్లు కుడికి పోతారట. "ఇన్నేళ్లయింది, ఇంకా నేర్పలేకపోయావే" అని ఫోన్ చేసి తిడతాడు. నేను దిద్దను. ఇది చదివినవాళ్లెవరైనా వెళ్లి అవతలి జట్లకి చెప్పుకుంటామంటే, నిక్షేపంగా చెప్పుకోండి. సగం ఆట అయ్యేలోపు మార్చేస్తాను.