చిన్న గేటు తాళంచెవి

పద్దెనిమిదేళ్లుగా బడికి పొలాల వైపున్న చిన్న గేటు తాళంచెవి ఆయా కాంతం దగ్గరే ఉంటోంది; రోజూ గేటు తీసేది ఆమే. ఆ కార్తీక సోమవారం శ్రీముఖలింగం గుడిలో దీపం పెట్టి పరుగున వచ్చేసరికి బడిగంట అయిపోయింది. పొలాల దారిన బడికొచ్చే పిల్ల హర్షిత ఒక్కతే. ఆమె గేటు బయట నిలబడి ఉంది.

బడిగంట కొట్టాక బయటుంటే ఆలస్యాల పుస్తకంలో పేరు రాస్తారు. మూడుసార్లయితే బాలల దినోత్సవంనాడు మంచి నడవడి బ్యాడ్జీ రాదు. హర్షితకిది మూడోసారి.

"మళ్లీ ఆలస్యమేనా?" అంటూ పేరు రాసేశారు హెడ్మాస్టారు తిరుమలరావు. హర్షిత ఒకసారి కాంతం వైపు చూసి తల వంచుకుంది.

కాంతానికి కూర్చోబుద్ధి కాలేదు. నిండిన కుండలోనే నీళ్లు పోసింది. ఊడ్చిన వరండానే మళ్లీ ఊడ్చింది.

"ఏటే, కాలుగాలిన పిల్లిలా తిరగతన్నావు?" అంది వంటమనిషి దాలమ్మ.

"ఆ పిల్ల నా పేరు సెప్పలేదే!"

చివరికి హెడ్మాస్టారి గదిలోకి వెళ్లింది. "పాప ముందే వచ్చింది బాబూ. గేటు తియ్యనిది నేను. దాని పేరు కొట్టేసి నా పేరు రాయండి."

"ఈ పుస్తకంలో రాస్తే పిల్లల శిక్షే నీకూను. మొక్కలకి నీళ్లు పొయ్యాలి."

"పోస్తాను బాబూ."

ఆయన హర్షిత పేరు కొట్టేశారు.

సాయంత్రం కాంతం బకెట్టుతో వెళ్లేసరికి సగం మొక్కలు తడిసి ఉన్నాయి.

"నీకేటే పని? సిచ్చ నాది!" అని కసిరింది.

"ఒక్కర్తివీ మొయ్యలేవు కదా పిన్నీ" అంది హర్షిత.

కాంతం కొంగుముడి విప్పి, పొద్దుటి ప్రసాదం ఆ తడిచేతిలో పెట్టింది.