కొక్కేనికి తగులుకున్న లేసు

పోయిన చలికాలం మా వదినతో కలిసి రాయదుర్గం కోట కొండ ఎక్కాను. కాళ్లకు కొత్త ట్రెక్కింగ్ బూట్లు. ఎక్కేటప్పుడు బాగానే ఉన్నాయి. దిగేటప్పుడు మాత్రం పాదం ముందుకు జారి, వేళ్లు బూటు ముక్కుకు గుద్దుకోసాగాయి.

ఏటవాలు బండ మధ్యలో ఉన్నట్టుండి కుడికాలు కదల్లేదు. వదులైన కుడి బూటు లేసు, ఎడమ బూటుకు లేసు బిగించే కొక్కేనికి తగులుకుంది. తూలి పడి, బండ మీద జారుతూ, ఒక పగులులో వేళ్లు దూర్చి ఆగాను. నా కింద కాస్త బండ, అది దాటితే లోయ.

“కదలాకు పాపా! కాళ్లు ఇడిపించుకోవాలని సూడొద్దు, నేనొస్తాండా!” వెనక నుంచి వదిన అరిచింది.

కూర్చునే జరుగుతూ వచ్చి, ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో లేసు విడిపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏడ్సుకో గానీ, మడమ ఎనక్కి నూకు” అంటూ చీలమండ దగ్గర లేసు మెలేసి బిగించింది. రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపింది. అప్పుడు చూశాను, ఆమె వేళ్లు నాకంటే ఎక్కువగా వణుకుతున్నాయి.

అంతవరకూ మా వదినకు భయమంటే తెలియదనుకునేదాన్ని. అంత భయపడుతూ కూడా ఆ బండ మీదికి నా కోసం దిగింది.