మైసూరు లాడ్జిలో పైపు చప్పుడు

మైసూరు జూలో జిరాఫీలు దాటగానే మా నాయన ఒక బెంచీ చూసుకుని కూర్చున్నాడు. "నువ్వు పోయి ఏనుగుల్ని చూసిరా మా, నేను ఈడే ఉంటా" అన్నాడు. ఈసారి ఆయాసం మొదలైంది అక్కడే. అది నాకు అప్పుడు తెలియదు. తెలిసిందల్లా ఒళ్లు మండడమే. మాలూరు గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ను బతిమాలి సెలవు తెచ్చుకున్నాను. పాపను చూసుకోమని మా ఆయనకు అప్పగించాను. అమ్మ పోయినప్పటి నుంచి గడప దాటని మనిషిని బంగారపేటలో రైలెక్కించి ఇంత దూరం తీసుకొస్తే, ఈయన బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల చెప్పులు చూస్తున్నాడు.

"ఏం నాయనా, కాళ్లు నొప్పా?" అన్నాను.

"ఏం లేదు. ఊరికే."

భుజం దగ్గర పట్టేసినట్టుందని మాత్రం ఒక మాట అన్నాడు. రైల్లో కిటికీ గాలి తగిలి ఉంటుందని అమృతాంజనం రాశాను.

మా నాయన పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చి, కేజీఎఫ్ బంగారు గనులు మూతపడేదాకా లోపల పని చేసినవాడు. సిలికోసిస్ ఉందని చాలా ఏళ్ల కిందటే చెప్పారు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే జబ్బు అది. కేజీఎఫ్‌లోని చాంపియన్ రీఫ్స్‌లో, మేముండే గనివాళ్ల లైన్ ఇళ్లలో దగ్గు లేని ఇల్లు లేదు కాబట్టి, ఎవరైనా దగ్గితే తల తిప్పి కూడా చూడం. మైసూరు లాడ్జిలో ఆ రోజు సాయంత్రం, మా నాయన ఒక్కడే దగ్గుతున్నప్పుడు, ఆ దగ్గును నేను మొదటిసారి విన్నాను. వినీ ఊరుకున్నాను, పొద్దున్నే ప్యాలెస్ చూడాలి కదా అని.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు గనిలో ఏర్‌బ్లాస్ట్ అయింది. లోపల రాయి పగిలి కూలడాన్ని మావాళ్లు అలా అంటారు. పైన ఇళ్లలో గిన్నెలు కదిలిపోయాయి. కూలిన రాళ్ల వెనుక మా నాయన, ఇంకో ఇద్దరు చిక్కుకుపోయారు. అలా చిక్కుకుంటే ఏం చేయాలో పాత పనివాళ్లు కొత్తవాళ్లకు నేర్పేవారు. అరవకూడదు, మాట్లాడకూడదు, కదలకూడదు, ఉన్న గాలిని పొదుపు చేసుకోవాలి. గని పొడవునా వేసిన ఇనప పైపు మీద రాయితో కొట్టాలి, ఆగాలి, మళ్లీ కొట్టాలి. అవతలి నుంచి ఎవరైనా తిరిగి కొడితే విన్నారని అర్థం. అంతే, కొట్టడం ఆపేసి వాళ్లు తవ్వుకుని వచ్చేదాకా బొమ్మలా కూర్చోవాలి. ముగ్గురూ అలా కూర్చునే ప్రాణాలతో పైకి వచ్చారు. ఈ కథ మాకు అమ్మ చెప్పిందే కానీ నాయన నోట ఏనాడూ వినలేదు.

మరుసటి రోజు పొద్దున నాయన స్నానానికి వెళ్లాడు, నేను ఇడ్లీలు కట్టించుకు రావడానికి కిందికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బాత్రూమ్ తలుపు గడియ వేసే ఉంది. లోపల పైపు టక్ టక్‌మంటోంది. లాడ్జి పైపుల్లో గాలి చేరి ఉంటుందనుకుని పొట్లం విప్పాను. చప్పుడు ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. చేతిలోని ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. నీళ్ల పైపు అంత లెక్కగా ఆగి ఆగి కొట్టుకోదు.

"నాయనా" అని రెండుసార్లు పిలిచాను. గది తాళంచెవితో తలుపు మీద కొట్టాను. దాంతో లోపలి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

నేను విన్నానని తెలిసి ఆపాడా, ఆపాల్సి వచ్చిందా? నా కేకలకు లాడ్జి మేనేజర్ పరుగెత్తుకొచ్చి తలుపును భుజంతో నెట్టి గడియ ఊడగొట్టాడు. నాయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేయి పైపు మీద ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి, ఒక్కో మాటకు ఆగుతూ, "విన్నావు కదా... ఇంగ... తొందరేం లేదు" అన్నాడు.

ఆస్పత్రిలో వేలికి క్లిప్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో, సాచురేషన్ చూశారు. నర్సు ముఖం మారిపోయింది. వెంటనే ఆక్సిజన్ మాస్క్ పెట్టి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఫిల్మ్‌ను వెలుతురుకు పెట్టి నాకు చూపించింది. కుడివైపు అంతా నల్లగా ఉంది.

"న్యూమోథొరాక్స్. లంగ్‌కు చిల్లు పడి, గాలి బయటికి వచ్చి, లంగ్ కొలాప్స్ అయింది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు ఇలా అవుతుంది. నిన్నటి నుంచే ఆయాసం ఉండి ఉండాలి, ఎందుకు చెప్పలేదు?" అని కన్నడంలో అడిగింది.

నాయన నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

పక్కటెముకల మధ్య చెస్ట్ ట్యూబ్ వేశారు. ట్యూబ్ రెండో కొస మంచం కింద నీళ్ల సీసాలో ఉంటుంది. ఛాతీలో చేరిన గాలి బుడగలుగా ఆ నీళ్లలోకి వస్తుంది. బుడగలు ఆగితే చిల్లు పూడినట్టని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ లోకం ఆ సీసానే. నాయన ట్యూబ్‌కు కట్టుబడ్డాడు, నేను నాయనకు కట్టుబడ్డాను. పేషెంట్‌తో ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ ఎప్పుడు పిలిచినా పలికేంత దగ్గరలోనే ఉండాలి అన్నది ఆస్పత్రి రూలు. ఊరు చూడడానికి తెచ్చుకున్న రెండు చీరల్నే ఉతికి ఆరేసి కట్టుకున్నాను. కిటికీ అవతల మైసూరు ఉంది, అందరూ సంతోషంగా చూసి వెళ్లే మైసూరు. నాకు దక్కింది డెట్టాల్ వాసన, స్టీలు స్టూలు. పాప ఫోన్‌లో "ఏనుగును చూసినావా అమ్మా" అని అడిగితే చూశానని అబద్ధం చెప్పాను.

బుడగలు ఆగాయి. ట్యూబ్ తీశారు. మర్నాడు తీసిన ఎక్స్‌రేలో మళ్లీ కుడివైపు నలుపు కనిపించింది. లంగ్ మళ్లీ ముడుచుకుపోయి జారింది. ఇంకో ట్యూబ్ వేశారు. టీబీ కూడా ఉందేమోనని కళ్లె టెస్టుకు పంపారు. అది లేదని తేలేదాకా నాకు అన్నం లోపలికి పోలేదు.

డాక్టరమ్మ ఈసారి కోప్పడింది. "ఈయన ఊపిరి పైపైనే తీస్తున్నాడు. ఊపిరి గట్టిగా పీల్చడానికిచ్చిన స్పైరోమీటర్ ముట్టుకోడు, దగ్గమంటే దగ్గడు, నడవమంటే నడవడు. ఇలా పడుకుంటే లంగ్ ఎలా ఎక్స్‌పాండ్ అవుతుంది?" అంది.

నిజమే. నాయన బొమ్మలా పడుకునే ఉన్నాడు. నేను దాన్ని ఓపిక అనుకుని మురిసిపోయాను, పక్క మంచం వాళ్లకు గొప్పలు కూడా చెప్పాను. ఆ మధ్యాహ్నం నాకు విషయం అర్థమైంది. ఆయన గాలి పొదుపు చేస్తున్నాడు. ఎవరో తవ్వుకుని వస్తారని కాచుకుని ఉన్నాడు.

ఇక నా నోరు ఆగలేదు. "ఇది గని కాదు నాయనా. ఈడ గాలి అయిపోదు. ఎంత పీలిస్తే అంత ఉండాది. నువ్విట్లనే కదలకుండా ఉంటే చచ్చిపోతావు" అన్నాను. వార్డు మొత్తం మా వైపు తిరిగింది.

నాయన దుప్పటి అంచు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా, "నాకు భయమైతాది మా. గట్టిగా పీలిస్తే ఉండేది కూడా పోతాదేమోనని. లోపల ఇంగా అట్లనే ఉండాది నాకు" అన్నాడు.

మా నాయన భయమన్న మాట అనడం నేను అప్పుడే విన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఈయన మళ్లీ నోరు మూసుకుంటాడని ఏడవలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని, "సరే, గట్టిగా పీల్చొద్దులే. ఆ పొద్దు లోపల ఏం జరిగిందో చెప్పు. అమ్మ చెప్పింది కాదు, నువ్వు చూసింది చెప్పు" అన్నాను.

చెప్పడం మొదలుపెట్టాడు. రెండు మాటలకు ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ చెప్పాడు. ల్యాంప్ ఆర్పేశారట. పక్కనున్న వాడు గొణుగుతూ దేవుణ్ణి తలచుకుంటుంటే ఈయనే వాడి నోరు మూశాడట. ఈ సంగతి అమ్మకు కూడా తెలియదు. చెబుతూ చెబుతూ దగ్గొచ్చింది, సీసాలో బుడగలు గుప్పున లేచాయి. డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చి, "దగ్గితేనే లోపలి గాలి బయటికి పోతుంది, ఏం చేస్తున్నారో అదే చేయండి" అని వెళ్లింది. కథకు తోడు స్పైరోమీటర్ కూడా పీల్చడం మొదలుపెట్టాడు. లంగ్ విచ్చుకున్నాక, మళ్లీ జారకుండా ట్యూబ్‌లోంచి మందు ఎక్కించి ఛాతీ గోడకు అంటించారు. దాన్ని ప్లూరోడెసిస్ అంటారు. మందు పడినప్పుడు నాయన మంచం చువ్వను పట్టుకుని అరిచాడు. నొప్పికి నోరు తెరిచి అరిచినందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం సీసాను చేత్తో పట్టుకుని వరండా చివరి దాకా నడిపించాను. అక్కడి కిటికీలోంచి ఇళ్ల కప్పుల మీదుగా ప్యాలెస్ దీపాల వెలుగు కొంచెం కనిపించింది. నాయన కాసేపు చూసి, "దీనికా మా ఇంత దూరం వచ్చినాము" అన్నాడు. నేను నవ్వుతూనే సీసా నీళ్లు ఒలకకుండా పట్టుకున్నాను.

డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "సిలికోసిస్ తగ్గేది కాదు. ఉన్న ఊపిరిని కాపాడుకోవాలి. ఆయాసం ఎక్కువైతే ఆ రోజే రావాలి, మరుసటి రోజు కాదు."

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాం. ఆయన పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంది, దాని ట్యూబ్ ఎంత దూరం సాగితే అంతే ఆయన ఊరు. నేను మాలూరు ఫ్యాక్టరీ మానేసి ఇంట్లో జాకెట్లు కుడుతున్నాను. ఆ మిషన్ రొద, నా కుట్టు మిషన్ రొద తప్ప ఇంకేమీ వినబడని రోజులుంటాయి. అలాంటి రోజు ఇద్దరమూ రాళ్ల వెనుక ఉన్నట్టే అనిపిస్తుంది, అది దాచను. నాయన ఇప్పటికీ ఏదైనా కావాలంటే మంచం చువ్వ మీద కొడతాడు. నేను కత్తెరతో మిషన్ బల్ల మీద కొడతాను. అయితే మా కొత్త పద్ధతిలో, నేను తిరిగి కొట్టాక ఆయన నోరు తెరిచి మాట్లాడి తీరాలి.

నాలా ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బు మనిషిని పెట్టుకున్నవారికి ఒక్క మాట చెబుతాను. ఆయాసంగా ఉందా అని అడగకండి, లేదనే అంటారు. పొద్దున్నే వాళ్లకు ఇష్టమైన సంగతి ఏదైనా అడిగి చెప్పించుకోండి. రోజూ ఎంతదాకా ఆగకుండా చెప్పగలరో చూసుకోండి. మా నాయన రోజూ ఆ గని కథనే, ల్యాంప్ ఆర్పేసిన చోటిదాకా ఒక్క ఊపిరిలో చెబుతాడు. వానాకాలంలో ఒక పొద్దున "ఆ పొద్దు మేము..." అని ఆగి, నవ్వి, "రేపు చెప్తాలే మా" అన్నాడు. నేను కత్తెర పక్కన పెట్టి ఆటో పిలిచాను. ఆస్పత్రిలో, ఈసారి లంగ్ కొంచెమే జారిందని, వెంటనే తెచ్చారు కాబట్టి చిన్న సూదితో గాలి తీసేస్తే సరిపోయిందని అన్నారు. మిగతా కథ తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పాడు.