తోడికోడలికి పాలెలా పడ్డాయి

పెద్దకోడలు బస్టాండులో టైమ్‌కీపరు. తొమ్మిదేళ్ళుగా గాజు కిటికీ వెనక కూర్చుని బస్సు వచ్చిన నిమిషం, కదిలిన నిమిషం రాస్తోంది. నాలుగు నిమిషాలు ఆలస్యమైనా డ్రైవరు ఆ కిటికీ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసిందే. వాళ్ళు చాటుగా ఆమెను గడియారమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, బాగానే ఉందనుకుంటుంది.

ప్రసూతి సెలవులో కూడా పద్ధతి మారలేదు. కూతురికి మూడు గంటలకొకసారే పాలు. మధ్యలో ఏడిస్తే నోట్లో రబ్బరు పీక పెట్టి భుజాన వేసుకుని తిప్పేది. "కాస్త నిండనివ్వాలి కదా" అనేది.

తోడికోడలిది దర్జీపని. ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. శనివారం ఇస్తానన్నది మంగళవారం ఇచ్చే రకం. వారం తేడాతో ఆమెకు కొడుకు పుట్టాడు. వాడు తాగగా పాలు మిగిలిపోయి, జాకెట్టు తడవకుండా గుడ్డముక్కలు మడిచి పెట్టుకుంటోంది. ఆ గుడ్డలు దండెం మీద ఆరుతుంటే పెద్దకోడలికి కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది.

ఆస్పత్రిలో నర్సు పిల్లను తూచి పెదవి విరిచింది. పది రోజుల్లో బరువు పెరగకపోతే డబ్బాపాలు మొదలుపెట్టాలంది. ఇంట్లో ఆ మాట చెప్పగానే అత్తగారు, "డబ్బా ఎందుకే? చిన్నదానికి బోలెడున్నాయిగా, ఓ పూట అది పడుతుంది" అంది.

"నాకేం అక్కా, ఇలా ఇవ్వు." చిన్నకోడలు అప్పటికే చేతులు చాచింది.

"అక్కర్లేదు!" పెద్దకోడలు పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రం భర్తతో అంది: "అత్తయ్య దానికి చాటుగా ఏదో పెడుతోంది."

"ఏం పెడుతోంది?"

"అదే అంతుపట్టట్లేదు."

ఇద్దరికీ ఒకే వంట. మెంతులూ వెల్లుల్లీ ఇద్దరికీ ఉండేవి. మర్నాడు ఇద్దరి కంచాల్లో వెల్లుల్లి రెబ్బలు లెక్కపెట్టింది. తనకే రెండు ఎక్కువ. దాంతో అనుమానం మరింత ముదిరింది.

ఆ మరుసటి రోజు బట్టలు మడతపెట్టే వంకతో ముందుగదిలో కుర్చీ వేసుకుంది. చేతికి డ్యూటీ వాచీ, ఒళ్ళో చిన్న కాగితం. చిన్నకోడలు చాటుగా ఏమీ తినలేదు. దాహమేస్తే నీళ్ళు తాగింది, అంతే. పిల్లాడు మూలిగితే చాలు, సగం కుట్టిన జాకెట్టు చేతిని మిషన్ మీదే వదిలేసి వాణ్ణి ఒళ్ళో వేసుకుంది.

"ఇప్పుడేగా పట్టావు!"

"ఇప్పుడేనా? ఏమో అక్కా, అడిగాడు కదా."

ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తొమ్మిదిసార్లు. పెద్దకోడలు ఆ కాగితం పట్టుకుని మర్నాడే నర్సు దగ్గరికి వెళ్ళింది.

"చూడండి సిస్టర్. ఓ టైమా పాడా! ఇలా ఉన్నా దానికే పాలు."

"మీరెన్నిసార్లు పట్టారు?"

"నాలుగు. నిమిషం తేడా లేదు."

నర్సు పెన్ను కింద పెట్టింది. "అక్కడే వచ్చింది చిక్కు. పిల్ల తాగేకొద్దీ పాలు పడతాయి. నిండనిద్దామని ఆపితే, అవసరం లేదేమోనని ఒళ్ళే తగ్గించేస్తుంది. మీ తోడికోడలు తెలిసి చేస్తోందో లేదో గానీ, సరిగ్గా చేస్తోంది."

ఆ చివరిమాట ఇంటిదాకా గుచ్చుతూనే ఉంది. నర్సు చెప్పినవన్నీ చేసింది. పీక పారేసింది. పిల్ల నోరు బాగా తెరిచేదాకా ఆగి దగ్గరికి హత్తుకుంది. ఒకవైపు తాగడం అయ్యాక రెండోవైపు పట్టింది. చొక్కా విప్పిన పిల్లను గుండెలకు ఆనించుకుని పడుకుంది. అడిగినప్పుడల్లా పట్టింది. అయితే ప్రతిసారీ తలుపు గడియ వేసుకునే. చిన్నదాన్ని చూసి నేర్చుకుందని ఎవరూ అనకూడదు. మూడో రోజుకి పిల్ల గుటకలు వినిపించసాగాయి.

గడువు రోజున పిల్లను తూస్తే రెండువందల ఎనభై గ్రాములు పెరిగింది.

"డబ్బా అక్కర్లేదు" అంది నర్సు.

"నిన్న మా తోడికోడలు కొడుకుని తెచ్చిందటగా, వాడెంత పెరిగాడు?"

"వాడితో మీకేం పనమ్మా?"

"ఊరికే."

"వాళ్ళమ్మే ఇల్లంతా చాటి ఉంటుందిగా. రెండువందల యాభై."

ఇంటికి వస్తూనే ముందుగది గుమ్మంలో నిలబడి రెండు అంకెలూ గట్టిగా చెప్పింది, తనది ముందు. చిన్నకోడలు మిషన్ ఆపి ఒక్క ఉదుటున లేచి వచ్చింది.

"నిజంగానా అక్కా! నా బంగారుతల్లే! అత్తయ్యా, విన్నారా?" అంటూ పిల్ల బుగ్గలు ముద్దులతో ముంచేసింది.

పెద్దకోడలు తోడికోడలి ముఖాన్ని వెతికి వెతికి చూసింది. ముప్ఫై గ్రాములు తక్కువైనా దీనికి కాస్తయినా కుళ్ళు లేదేం? ఆమెకు ఒళ్ళు మండిపోయింది.