రెండేళ్ళ కాగితం, నాలుగేళ్ళ కాగితం

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అక్టోబరు చివరి వారం, ఆర్మీలో నా నాలుగో ఏడు. ఉదయం ఆరింటికి కింది క్యాంపు నుంచి బయలుదేరాం. వీపు మీద సంచి, దాని పైన స్లీపింగ్ బ్యాగు, భుజాన రైఫిలు, చేతిలో మంచులో గుచ్చుకుంటూ నడిచే కర్ర. ఎత్తు పదిహేను వేల అడుగుల పైమాటే. ఏ కొండ, ఏ పోస్టు అని అడగకండి, చెప్పకూడదు. ఉత్తర సరిహద్దు అనుకోండి, చాలు.

నాది మలికిపురం పక్క పల్లెటూరు. మా ఊళ్ళో ఎత్తంటే కొబ్బరిచెట్టు, అంతే. అలాంటి చోట పుట్టినవాడు ఆ కొండ మీద ఎలా ఉంటాడో చెప్తాను వినండి. నోరు తెరిచి గాలి పీలుస్తాడు. గాలి లోపలికి వెళ్తుంది గానీ అందులో ఏమీ ఉండదు. బూటు లేసు కట్టుకోవడానికి వంగితే ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది.

బంకరంటే రాళ్ళ గోడలు, ఇసుక మూటలు, పైన రేకులు. సగం నేలలోకే ఉంటుంది. లోపల ఏడుగురం. మధ్యలో కిరోసిన్‌తో మండే పొయ్యి, దాన్ని బుఖారీ అంటారు. వెచ్చదనమూ అదే ఇస్తుంది, మసీ అదే ఇస్తుంది. పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడేది.

తలుపు తీసింది మా హవల్దారు. గఢ్వాల్ కొండల మనిషి. పింఛనుకు దగ్గర పడ్డవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. మాటలన్నీ హిందీలోనే లెండి, నేను తెలుగులో చెప్తున్నాను.

"ఎక్కడివాడివి?"

"ఆంధ్రా, ఉస్తాద్. కోనసీమ."

"అక్కడ ఏముంటుంది?"

"నీళ్ళు."

"ఇక్కడా నీళ్ళే. గునపంతో తవ్వుకోవాలి, అంతే తేడా."

నవ్వాడేమో అనుకున్నాను. నవ్వలేదు. మర్నాడు ఉదయం ఏడింటికి గునపం నా చేతికిచ్చి వాగు దగ్గరికి పంపాడు. గడ్డకట్టిన వాగును పగలగొట్టి, ముక్కలు డబ్బాల్లోకి ఎత్తుకొచ్చి, పొయ్యి మీద కరిగించాలి. ఏడుగురికి టీ, వంట, తాగే నీళ్ళు అన్నీ అందులోంచే రావాలి. ఆరు నెలలు రోజూ పొద్దున్నే నా మొదటి డ్యూటీ అదే.

ఆ మొదటి రోజే నేనో తెలివితక్కువ పని చేశాను. పొద్దున్నే స్నానం చెయ్యకుండా టిఫిను ముట్టుకునేవాణ్ణి మా ఇంట్లో మనిషి కింద లెక్కెయ్యరు. అలవాటు ఎక్కడికి పోతుంది? కరిగిన నీళ్ళు ఒక చెంబెడు దాచుకుని బంకరు వెనక్కి వెళ్ళాను. చొక్కా విప్పాను. నెత్తిన పోసుకున్నవి మెడ దాటేసరికే కత్తుల్లా అయ్యాయి. జుట్టు పుల్లల్లా బిగుసుకుపోయింది. ఉస్తాద్ నా మెడ పట్టుకుని లోపలికి ఈడ్చాడు. గంటసేపు బుఖారీ పక్కన కూర్చోబెట్టి తిట్లు లంకించుకున్నాడు. గఢ్వాలీ తిట్లు ఒక్క ముక్క అర్థం కాలేదు, అదొక్కటే అదృష్టం.

వైర్‌లెస్ ఆపరేటరుది కేరళ. ఎవరి కొబ్బరి గొప్పదని నాతో రోజూ పోట్లాడేవాడు. గంటకోసారి కింది పోస్టు పిలుస్తుంది. "సబ్ ఠీక్?" "సబ్ ఠీక్." ఒకసారి అతను టీ తాగుతున్నాడని నేను అందుకున్నాను. అలవాటుగా నోట్లోంచి, మా వైపు అవునండీకి బదులు అనే "ఆయ్" అని వచ్చేసింది. ఆ తర్వాత కిందవాళ్ళు నా గొంతు వినబడితే చాలు, "ఆయ్? ఆయ్?" అని ఏడిపించేవాళ్ళు.

ఒక సాయంత్రం ఆపరేటరే అడిగాడు. "నువ్వు అగ్నివీర్‌వి కదా. నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తావ్?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. తెలియనివాళ్ళకు చెప్తాను. నాలుగేళ్ళకని తీసుకుంటారు. నాలుగేళ్ళ చివర నలుగురిలో ఒకరిని మించి ఉంచుకోరు. మిగిలినవాళ్ళు చేతిలో ఇంత సొమ్ముతో ఇంటికి రావాలి, పింఛను ఉండదు. పరుగు, ఫైరింగు, నడవడిక అన్నిటికీ మార్కులుంటాయి. అయినా మాట ఎవరూ ఇవ్వరు.

నేను చేరదామనుకున్నప్పుడు మా వీధి వీధంతా ఇదే మాట. "ఏంటండీ, మిలట్రీ కూడా కాంట్రాక్టు పనేనా అండీ?" అని పక్కింటాయన. మా నాన్న మలికిపురంలో ఒక కొబ్బరికాయల కమీషను కొట్లో కాయలు ఒలుస్తాడు. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి, రెండు తిప్పులు తిప్పితే పీచు ఊడిపోతుంది. ఆయన నాకోసం మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పని కూడా చూసి పెట్టాడు.

"ఒలవని కాయలాంటి ఉజ్జోగంరా అది," అన్నాడు. "లోపల ఏముందో తెలీదు. నాలుగేళ్ళు చేసొచ్చి ఏం చేత్తావు? గోళ్ళు గిల్లుకుంటావా?"

అప్పుడు తేల్చింది మా అమ్మ. అమ్మ కూడా మస్కట్‌లోనే ఉండేది. ఒకరింట్లో ముసలావిడను చూసుకునే పని. నేను నాలుగో తరగతిలో ఉండగా వెళ్ళింది. నన్ను పెంచింది నాన్నే. అన్నం వండటం, జడ వెయ్యక్కర్లేదు గనక తల దువ్వటం, బడికి పంపటం అన్నీ ఆయనే. అమ్మ ఫోన్లోనే ఉండేది. ఆ రోజు స్పీకరులో మా వాదన అంతా విని, గొంతు సవరించుకుంది.

"ఏవండీ, ఇందాకట్నుంచీ చూత్తన్నాను, గ్యారంటీ గ్యారంటీ అంటన్నారు. నాది రెండేళ్ళ కాగితం. రెండేళ్ళవగానే ఇంకో రెండేళ్ళ కాగితం. నాకెవడిచ్చేడండీ గ్యారంటీ? ఆ కాగితాల మీదే ఇంటికి శ్లాబు పడింది. ఆ కాగితాల మీదే ఆడు చదూకున్నాడు. నా రెండేళ్ళకి ఆడి నాలుగేళ్ళు డబులు కదా. ఎళ్ళనీండి."

 అమ్మ నాతో అంది. "నీది పర్మనెంటు అయిన రోజున నేను వచ్చేత్తాను నాన్నా. ఇంక నా వల్ల కాదు."

అదీ సంగతి. పర్మనెంటు అన్నది నాకు యూనిఫారం కోసం కాదు. మా అమ్మ ఇంటికి రావడం కోసం. ఆపరేటరుకు ఇదంతా చెప్తే, "మీ కొబ్బరే గొప్పది, పో," అన్నాడు.

ఆ పోస్టులో మొబైలు సిగ్నలు లేదు. శాటిలైట్ ఫోను ఒకటుండేది. ఆదివారం మధ్యాహ్నం, ఆకాశం బాగుంటే, ఇద్దరికి వంతు. ఒక్కొక్కరికి ఒక్కో బ్యాటరీ. ఆ చలికి బ్యాటరీ ఊరికే చచ్చిపోతుంది. అందుకని వంతు వచ్చినవాడు పొద్దుట్నుంచీ దాన్ని కోట్ల కింద, చంకలో పెట్టుకుని తిరగాలి.

విదేశాలకు చెయ్యకూడదని రూలు. నేను మలికిపురం చేసేవాణ్ణి. అక్కడ మా నాన్న ఒక చేతిలో నా కాల్ వచ్చిన ఫోను, ఇంకో చేతిలో అమ్మ కాల్ ఉన్న ఫోను, రెంటినీ ఎదురెదురుగా ఆనించి పట్టుకునేవాడు, పగిలిన కొబ్బరికాయ చిప్పలు రెండూ మళ్ళీ కలిపి పట్టుకున్నట్టు. ఉస్తాద్‌కు దాచకుండా చెప్పాను. "నువ్వు ఇంటికే చేస్తున్నావు. మీ నాన్న ఎన్ని ఫోన్లు పట్టుకున్నాడో నాకు ఇక్కణ్ణుంచి కనబడదు," అన్నాడు. "కొండల మాట మాత్రం ఎత్తకు."

ఆ కాల్సులో తల్లీకొడుకులం ఆడిన అబద్ధాలు అన్నీ ఇన్నీ కావు.

"చలేత్తందా నాన్నా?"

"లేదమ్మా. మన ధనుర్మాసంలా ఉంది, హాయిగా. నీకు ఎండ?"

"ఎండేటి, ఇంట్లోనే కదా. చల్లగా ఉంది."

మధ్యలో నాన్న గొణిగేవాడు. "ఇద్దరూ ఊటీలో ఉన్నారు మరి. నేనే ఎండలో చత్తన్నాను."

జనవరిలో మంచు తుఫాను పట్టుకుంది. తలుపు తెరవాలంటే లోపల్నుంచి పారతో తవ్వుకుని బయటపడాలి. కాపలా ఒక్కొక్కరికి గంట, అంతకుమించి నిలబడలేం. చేతి తొడుగు తీసి రైఫిలు ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోతుంది. కోడిగుడ్లు రాళ్ళయ్యాయి. వరసగా మూడు ఆదివారాలు ఫోను లేదు. నాలుగో ఆదివారం తెరిపిచ్చింది. వంతు నాదీ, ఉస్తాద్‌దీ. ముందు నేను. మధ్యాహ్నం పన్నెండూ పావుకి బంకరు పైన గుట్ట మీద నిలబడి కలిపాను. గాలి ఇంకా కోస్తోంది.

అమ్మ గొంతు మామూలుగా లేదు.

"ముసలావిడ పోయిందిరా నాన్నా. ఇప్పుడు ఆళ్ళ తమ్ముడింట్లో పెడతారంట, రెండేళ్ళకి. బుధవారం లోపు చెప్పమన్నారు. అక్కడ పిల్లలు ఆరుగురంట, మేడ మెట్లంట. నా మోకాళ్ళు సహకరించట్లేదురా. నువ్వు చెప్పు. నీది పర్మనెంటు అవుద్దా? అవుద్దంటే వచ్చేత్తాను. లేదంటే సంతకం పెట్టేత్తాను."

నేను నోరు తెరిచాను. ఫోను చచ్చిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

అప్పుడు నాకు వచ్చినంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. ఏడిస్తే కన్నీళ్ళు రెప్పలకే గడ్డకడతాయని అది కూడా మింగాను. గుట్ట కింద ఉస్తాద్ తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. పైకొచ్చాడు. విషయం చెప్పాను.

"ఉస్తాద్, నాకు పర్మనెంటు అవుతుందా?"

అబద్ధమైనా సరే, అవుతుందని ఆయన నోట వినాలని ఉంది. ఆ మాటే అమ్మకు అప్పజెప్పేద్దామని.

"నాకు తెలీదు బేటా," అన్నాడు. "రేపు హెలికాప్టరు వస్తుందా అంటే కూడా తెలీదనే చెప్తాను. వస్తే దిగుదాం. రాకపోతే నడుద్దాం."

అని, కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. చంకలోంచి తన బ్యాటరీ తీసి ఫోనులో పెట్టాడు. "మరి మీ కాల్?" అన్నాను. "మా అమ్మాయి వచ్చే ఆదివారం దాకా ఎక్కడికీ పోదులే. కలుపు."

కలిపాను. నాన్న మొదటి రింగుకే ఎత్తాడు. అమ్మ లైన్లోనే ఉంది.

"అమ్మా, అవుద్దో అవదో నాకు తెలీదు. నలుగురిలో ఒకడికి. అవుద్దని చెప్పి నిన్ను రప్పించలేను. అయినా వచ్చెయ్. నన్ను పంపినప్పుడు నీకు మాత్రం ఏం తెలుసు చెప్పు?"

చాలాసేపు గాలి చప్పుడే. నా దగ్గర గాలో, అమ్మ దగ్గర ఏసీనో తెలీలేదు. అప్పుడు నాన్న గొంతు, బాగా దగ్గరగా.

"విన్నావా? నేనూ అదే అంటన్నాను. వచ్చెయ్. గ్యారంటీ లేపోతే మానె, ముగ్గురం ఉంటాం కదా."

గ్యారంటీ లేదని నన్ను వద్దన్న మనిషి ఈయనేనా అనిపించింది. అమ్మ ముక్కు ఎగబీల్చింది. "తండ్రీకొడుకులు కూడబలుక్కుని నన్ను ఖాళీగా కూచోబెడతారా ఏంటి?"

"ఆయ్," అన్నాడు నాన్న.

ముగ్గురం ఒకేసారి నవ్వాం.

తర్వాతి ఆదివారం మళ్ళీ తుఫాను. ఆ పై ఆదివారం కూడా. ఉస్తాద్ తన కూతురితో మాట్లాడింది ఫిబ్రవరి మధ్యలో. ఆ విషయం ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఏప్రిల్లో దారి తెరుచుకుంది. ఎక్కేటప్పుడు ఎనిమిదిన్నర గంటలు పట్టిన దారి దిగేటప్పుడు ఐదు గంటల్లో దిగాం. కిందికొస్తుంటే గాలిలో మళ్ళీ రుచి తెలిసింది.

కొన్నాళ్ళకు, నాలుగేళ్ళు నిండుతుండగా, పర్మనెంటుకు ఎంపికైనవాళ్ళ పేర్లు చెప్పారు. నా పేరు లేదు. పరుగులో నాకన్నా వేగంగా ఉన్నవాళ్ళు, ఫైరింగులో నాకన్నా సూటిగా ఉన్నవాళ్ళు ఉన్నారు, నిజమే. అయినా బాధేసింది. బారక్ వెనక్కి వెళ్ళి ఏడ్చాను. అక్కడ కన్నీళ్ళు గడ్డకట్టవు కనుక కరువుదీరా ఏడ్చాను.

రాజోలు బస్సు దిగి మలికిపురం సెంటర్లో నిలబడేసరికి అమ్మ గొడుగేసుకుని ఎదురుగా ఉంది. అప్పటికి ఆవిడ వచ్చి మూడు నెలలు. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మంచులో ఉన్నోడివి ఇంత నల్లబడిపోయేవేంట్రా?"

"ఎడారిలో ఉన్నదానివి నువ్వు ఇంత తెల్లబడిపోయేవేంటి?"

మంచు మీద ఎండ మనిషిని మాడుస్తుంది. అమ్మ అన్నేళ్ళూ ఎండ మొహం చూడలేదు. పక్కన నాన్న నా సంచి ఎత్తుకుంటూ, "ఊటీ వాళ్ళిద్దరూ దిగేరు," అని బస్టాండంతా వినబడేలా అన్నాడు.

ఇప్పుడు నేను కొబ్బరికాయలు తోలే వ్యాను నడుపుతున్నాను. పోలీసు కానిస్టేబులు రాత పరీక్ష పాసయ్యాను, పరుగు పరీక్ష రావాలి. రోజూ పొద్దున్న కాలవ గట్టు మీద పరిగెడతాను. ఈ గాలికి నా ఊపిరితిత్తులు ఎంత సంతోషిస్తాయో చెప్పలేను. నా వెనక నలుగురైదుగురు కుర్రాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు పరిగెడుతున్నారు. "వెళ్ళమంటావా అన్నా?" అని అడుగుతారు. నేను ఉన్నదున్నట్టు చెప్తాను. నలుగురిలో ముగ్గురు వెనక్కొస్తారు. ఆ ముగ్గురిలో నువ్వుంటావని అనుకునే బయలుదేరు. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళు.

వాళ్ళ అమ్మానాన్నలు మా ఇంటికి వస్తారు. వాళ్ళను అమ్మకు అప్పజెప్తాను. "నాలుగేళ్ళ తరవాత ఏంటండీ అని నన్నడిగితే నాకేం తెలుత్తాదండీ," అంటుంది అమ్మ, మోకాళ్ళు రాసుకుంటూ. "ఇంటికాడ కూకున్నా ఆ నాలుగేళ్ళూ గడిచిపోతాయి గదండీ." కొందరు పంపుతారు, కొందరు పంపరు. ఎవరినీ తప్పు పట్టను.

పరిగెత్తి పరిగెత్తి గట్టు మీద ఆగినప్పుడు, వ్యాను లోడవుతుంటే పక్కన నిలబడ్డప్పుడు, నాకు ఒక్కటే కనబడుతుంది. ఆ గుట్ట. ఆ గాలి. ఉస్తాద్ పళ్ళతో చేతి తొడుగు లాగి, మూడు కోట్ల గుండీలూ ఒక్కొక్కటే విప్పి, చంకలో చెయ్యి పెట్టి, కోడిపిల్లను తీసినట్టు రెండు చేతుల్లో ఆ బ్యాటరీ తీస్తాడు. పొద్దుట్నుంచీ కూతురి కోసం వెచ్చగా దాచుకున్నది. తొడుగు లేని వేళ్ళు అప్పటికే నీలంగా ఉన్నాయి. నా చేతిలోని ఫోనులో అది నొక్కి పెట్టి, గాలికి వీపు అడ్డం పెట్టి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

"తొందరేం లేదు," అన్నాడు. "మీ అమ్మతో నిదానంగా మాట్లాడు."