ఎర్ర గడుల ముందు పెదనాన్న

పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సారపాకలో మా జామాయిల్ కర్ర డిపోలో లారీ తూకం రాసుకుంటున్నాను. "నాయనా, మీ పెదనాన్న లేస్తలేడు" అంది ముందు. తర్వాత, "కుర్చీలనే పోయిండు" అంది. రాస్తున్న వరుస పూర్తిచేసి లేచాను. సగంలో వదిలేసి వెళ్తే ఆయనకే నచ్చేది కాదు.

మణుగూరు వైపు ఒక బొగ్గు గనిలో, ల్యాంపు రూములో ఆయన ఉద్యోగం. గనిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ దీపం తీసుకుని, తన నంబరున్న ఇత్తడి బిళ్ళను బోర్డు మీది కొక్కేనికి తగిలించి వెళ్తాడు. పైకి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక కూడా కొక్కేనికి బిళ్ళ మిగిలి ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అది ఖాళీ అయ్యేదాకా పెదనాన్న ఇంటికి వచ్చేవాడు కాదు.

చదువు మధ్యలో ఆగిపోయి నేను డిపోలో లెక్కలు రాయడానికి చేరినప్పుడు ఆయన ఒక్కటే చెప్పాడు. "ఇయ్యాల్టి లెక్క ఇయ్యాల్నే మూసెయ్. రేపటిదాక ఏదీ లోపల ఉంచకు." ఇన్నేళ్లుగా నేను పనిచేసే పద్ధతి అదే. దాని వెనక ఎంత బరువుందో చాలాకాలం నాకు తెలియలేదు.

రిటైరయ్యాక మణుగూరులో చిన్న ఇల్లు కట్టుకుని ఒక కంప్యూటర్ కొన్నాడు. పనిచేసే రోజుల్లో గని కాలనీలో ఇంటింటా జరిగిన ప్రార్థన కూటాల్లో గని పనివాళ్లూ వాళ్ల ఇంటివాళ్లూ పాడిన పాటలు ఆయన దగ్గర క్యాసెట్లలో ఉండేవి. అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. పాట మొదలు కాగానే గొంతుల్ని పేరుపేరునా గుర్తుపట్టేవాడు. దగ్గితే ఆ దగ్గు ఎవరిదో కూడా చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేసి, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మేం బాగుచేస్తాం, చెప్పినట్టు నొక్కండి అన్నారు. ఆయన నొక్కాడు. తెర మీద బాణం గుర్తు దానంతటదే నడవడం మొదలుపెట్టింది. గోడలోంచి వైరు పీకేశాడు. పోయిందేమీ లేదు. కానీ ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేను వెళ్లేసరికి మనిషి వాడిపోయి ఉన్నాడు.

"నా చెయ్యి మౌసు మీద లేదురా. బాణం నడుస్తంది. మన ఇంట్ల మనకు కనపడనోడు తిరుగుతుండు" అన్నాడు.

నాకు కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు. డిపో లెక్కలు పోతాయన్న భయంతో నాకు నేను నేర్చుకున్నదే. తెలిసినంతలో శుభ్రం చేసి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే రెండు సాధనాలు చూపించాను. ఒకటి వెబ్ పేజీ. మీట నొక్కితే అది మన కంప్యూటర్‌కున్న దారుల్ని బయటినుంచి ఒక్కొక్కటే తట్టి చూసి, ఏది తెరిచి ఉందో ఏది మూసి ఉందో చెబుతుంది. రెండోది డిస్కు పరీక్ష. డిస్కునంతా గడులుగా గీసి, మంచి గడిని పచ్చగా, చెడిన గడిని ఎర్రగా చూపిస్తుంది. అప్పుడప్పుడు చూసుకుంటే చాలన్నాను.

ఆయన రోజూ చూశాడు. తర్వాత పొద్దున, సాయంత్రం చూశాడు. దారులన్నీ మూసే ఉన్నాయని పేజీ చెప్పినా కుదుటపడలేదు. "పొద్దున మూసి ఉన్నయ్. ఇప్పుడు ఎట్లున్నయో ఎవనికెరుక?" అనేవాడు. ఈలోగా డిస్కు పరీక్షలో నాలుగైదు ఎర్ర గడులు తేలాయి. ఇక కుర్చీ వదల్లేదు. ఒక పరీక్ష పూర్తవడానికి పగలంతా పట్టేది. అవగానే మళ్లీ మొదలుపెట్టేవాడు.

పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి నాతో అనేది. "రిటైరైండని సంబురపడ్డ నాయనా. ఇంట్లనే ఇంకో బొగ్గుబాయి తవ్వుకున్నడు."

"నీకేం తెల్సు? చాయ్ తే" అనేవాడు ఆయన, తల తిప్పకుండానే.

"పైకొచ్చి తాగు. చాయ్ గూడ బాయిల దిగాల్నా?"

ఆమె నవ్వించడానికే అనేది. కానీ కల్లూరులో ఆమె అక్క మంచం పట్టి ఉంది. చెల్లెలిని ఒక్కసారి చూడాలని కబురు మీద కబురు పంపుతోంది. పెదనాన్న గది వదలడు. ఆయన్ను వదిలి పెద్దమ్మ కదలదు. నేను తీసుకెళ్తానంటే, "ఈయనకు అన్నం ఎవలు పెడ్తరు? పెట్టినా, తినమని ఎవలు తిడ్తరు?" అనేది. ఒక మనిషి డిస్కుకు కట్టుబడితే, ఇంకో మనిషి ఆ మనిషికి కట్టుబడింది.

ఒక ఆదివారం ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "పెదనాన్నా, ఎన్నిసార్లు చూసినా ఎర్ర గడి పచ్చబడదు. ఊరికే తిప్పుతుంటే మంచి గడులు కూడా చెడతయ్. ఉన్న పాటలు కొత్త డిస్కులోకి ఎక్కించి దీన్ని ఆపేద్దాం" అన్నాను.

"మరి అండ్ల ఉన్నది?"

"అండ్ల ఉన్నది రాదు. డిస్కు ఆ గడిని పక్కన పెట్టేస్తది. ఇంక దాని జోలికి పోదు."

 ఆయన తెర వైపు చూస్తూనే చెప్పాడు. ఎప్పుడో గనిలో ఒకచోట పైకప్పు కూలి, వెనక నిప్పు రాజుకుందట. లోపల ఒక మనిషి ఉండిపోయాడు. మంట పాకకుండా అడ్డంగా గోడ కట్టేశారు. "గోడ కట్టినంక కూడ వాని బిళ్ళ కొక్కేనికే ఉంది. తియ్యమన్నరు. నేనే తీసిన" అన్నాడు. మళ్లీ, "ప్రార్థనలల్ల మంచిగ పాడెటోడు" అన్నాడు.

ఆ గొంతు ఏ గడిలో ఉందో నేను అడగలేదు. నాకు అడగడం చేతకాదు. ఆయన పరీక్ష ఆపి, కుర్చీ నాకిచ్చాడు. పాటలు కొత్త డిస్కులోకి ఎక్కించాను. కొన్ని రాలేదు. రానివాటి పేర్లు నేను చదువుతుంటే, ఒక పేరు దగ్గర చెయ్యెత్తి, "సరే, ముందుకు పో" అన్నాడు.

ఆ వారమే కల్లూరు వెళ్దామని ఆయనే అన్నాడు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుంది. కల్లూరు దారిలో సత్తుపల్లి దాకా వెళ్లే బస్సులో ఇద్దర్నీ కూర్చోబెట్టి నేను కింద నిలబడ్డాను. బస్సు కదలబోతుంటే పెదనాన్న లేచి మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంది పెద్దాయనా, ఎక్కుడా దిగుడా? జల్దీ చెప్పు" అన్నాడు కండక్టరు.

"ఇంట్ల కంప్యూటర్ బంద్ చేసిన్నా లేదా?"

"నన్నడిగితే నాకేమెరుక? నేనేమన్న నీ అల్లున్నా?"

బస్సులో అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయి, దిగేశాడు. వెనకే పెద్దమ్మ సంచి పట్టుకుని దిగింది. దుమ్ములో నిలబడి ఆయన ఆమెతో అన్నాడు, "నువ్వు పోరాదూ." ఆమె, "పోత, పోత. నడువు ఇంటికి" అంది. నేను వాళ్లతో ఇంటిదాకా నడిచాను. కంప్యూటర్ ఆపే ఉంది. ఆయన దాన్ని మళ్లీ పెట్టి, దారుల పేజీ తెరిచాడు.

ఆ తర్వాత మరోసారి బయలుదేరలేదు. ఆయన్ను పిరికివాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎవరినీ లోపల వదిలి రాకూడదన్నది ఆయన పట్టిన పని. ఆ పని అయిపోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ సగమే చెప్పగలిగాను.

సమాధి చేసి వచ్చిన మర్నాడు పెద్దమ్మ ఆ గదిలోకి పిలిచి, "దాన్ని బంద్ చెయ్ నాయనా" అంది. చేశాను. లోపలి ఫ్యాను ఆగింది. ఆ చప్పుడు ఎంత పెద్దదో అది ఆగాకే తెలిసింది. ఆమె వెళ్లి కిటికీ తియ్యబోయింది. ఎన్ని వానాకాలాల నుంచి తెరవలేదో, చెక్క ఉబ్బి పట్టేసింది. ఇద్దరం కలిసి నెట్టాం. జానెడు తెరుచుకుని ఆగిపోయింది.

"కల్లూరు బస్సు పొద్దుగాల ఎన్నింటికి?" అంది.

చెప్పాను.

"అక్క ఉంటదా, నేను పొయ్యేదాక?"

 ఆమె నా వైపు చూడలేదు. ఆ సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, వేళ్లు చాపి, అలాగే నిలబడింది. బయట ఎండ ఆమె మణికట్టు దాకా పడుతోంది.